రెక్కల బల్లులకి కోళ్ళ షెడ్డు

తెలివిని ఊరందరికీ సమానంగా పంచుదామనే దేవుడు బయల్దేరాడట. చినరాయిపాడు వచ్చేసరికి ఎండ దెబ్బకి నీరసం వచ్చి, మోస్తున్న మూటంతా ఒక్క గుమ్మంలోనే దించేసి చక్కా పోయాడట. ఆ గుమ్మం తమదేనని కోళ్ళ షెడ్ల సత్తిరాజు నమ్మకం. ఆయన భార్య మంగతాయారుదీ అదే నమ్మకం. ఆయన తమ్ముడు గవర్రాజైతే ఆ మూట దింపుతుంటే కళ్ళారా చూసినట్టే మాట్లాడతాడు.

వాళ్ళ తెలివి ఎలాంటిదంటే, కిందటేడు వాళ్ళ గేటుకి రంగు వేసిన పెయింటరు ‘రంగు పచ్చిగా ఉంది, ముట్టుకోవద్దు’ అని ఒక అట్టముక్క మీద రాసి గేటుకి వేలాడదీసి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి దాన్ని తీయడం మరిచిపోయాడు. అంతే! పదకొండు నెలలు ఇంటిల్లిపాదీ గోడ దూకే తిరిగారు. “ఎంత నాణ్యమైన రంగోనమ్మా, ఏడాది కావొస్తున్నా ఆరలేదు” అని మంగతాయారు వీధంతా చెప్పుకుంది. ఇంకోసారి బ్యాంకువాళ్ళు రెండు ఫొటోలు పట్టుకురమ్మంటే, గవర్రాజు గోడకున్న పటాలు రెండూ మేకులతో సహా ఊడదీసి చంకన పెట్టుకుని వెళ్ళాడు. ఒకటి అన్నావదినల పెళ్ళిది, రెండోది కాలం చేసిన తాతది, దండతో సహా. మేనేజరు కళ్ళు మూసుకుని నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “మా తాతకి దణ్ణం పెట్టుకున్నాడు, మంచోడు” అని గవర్రాజు ఇంటికొచ్చి మురిసిపోయాడు.

ఒక్క విషయంలో మాత్రం సత్తిరాజుకి వంక పెట్టడానికి లేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన కడుతున్నవి కోళ్ళ షెడ్లు. ఆ పనిలో ఆయనది అందెవేసిన చెయ్యి. షెడ్డు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉండాలంటాడు, లేకపోతే ఎండ లోపలికి కొడుతుందని. కోడికింత చోటని టేపు పెట్టి కొలుస్తాడు. కప్పుకి నడినెత్తిన, రెండు వాలులూ కలిసే కొప్పు దగ్గర, వేడిగాలి బయటికి పోవడానికి అడుగున్నర సందు వదులుతాడు. ఆయన కట్టిన షెడ్డులో ఎండకి కోడి పోయిందన్న మాట ఇప్పటిదాకా లేదు.

ఇంత మనిషికీ ఓ బాధ ఉంది. కూతురు స్రవంతి పెళ్ళిలో పంతులుగారు “మావగారూ, అల్లుడిగారి కాళ్ళు కడగండి” అన్నారు. ఇంకేముంది, సత్తిరాజు లేచి వెళ్ళి కొత్త సబ్బూ, కొబ్బరిపీచూ తెచ్చి, పీటల మీదున్న ఫణీంద్ర కాళ్ళు మోకాళ్ళ దాకా బరబరా తోమేశాడు. మగపెళ్ళివాళ్ళు నవ్విన నవ్వుకి పందిరి ఊగింది. అల్లుడు కూడా పెదవి బిగపట్టి పక్కకి తిరిగాడు. మురికి వదిలించాను కదా, నవ్వెందుకూ అన్నది సత్తిరాజుకి అర్థం కాలేదు గానీ, ఆ నవ్వు తన మీదేనని మాత్రం అర్థమైంది. మూడేళ్ళయినా ఆ ముల్లు గుండెలోంచి రాలేదు. అప్పట్నించీ ఆయనకి ఒకటే కోరిక. ఎప్పటికైనా అల్లుడు తన నోటితో “మావయ్యగారూ, మీరు తెలివైనవారండీ” అనాలి. ఆ ఒక్క మాట వింటే చాలు.

ఈ వేసవిలో ఫణీంద్ర పది రోజులు సెలవు పెట్టి అత్తారింటికి వచ్చాడు. వస్తూ వస్తూ టీవీకి తగిలించుకునే ఆట పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు. అందులో డైనోసార్ల పార్కు కట్టాలి. కంచెలు వెయ్యాలి, జంతువుల్ని పెంచాలి, చూడ్డానికి జనాన్ని రప్పించాలి. జనం మెచ్చుకున్నకొద్దీ పార్కుకి నక్షత్రాలిస్తారు, అయిదు దాటి ఉండవు. ఏ పని ఎప్పుడు చెయ్యాలో ఆటలోంచి ఒకావిడ గొంతు తెలుగులోనే చెబుతూ ఉంటుంది. ఆదివారం పొద్దున్న పదింటికి పోటీ. పోటీ పెట్టినవాళ్ళు వాళ్ళ ఊళ్ళోనే కూర్చుని నెట్‌లో అందరి పార్కులూ చూసి ఆఖరి నక్షత్రాలు వాళ్ళే ఇస్తారు. ఫణీంద్ర పార్కుకి మూడు నక్షత్రాలున్నాయి. మిగతా రెండూ రావాలంటే రెక్కల బల్లులకి గూడు కట్టాలి. రెక్కల బల్లులంటే డైనోసార్ల కాలంలో గాల్లో ఎగిరిన రకం. గబ్బిలం రెక్కలూ, కొంగ ముక్కూ. ఎనిమిది పిల్లలు గుడ్లలోంచి వచ్చి సిద్ధంగా ఉన్నాయి, గూడే లేదు.

సరిగ్గా అప్పుడే ఆఫీసువాళ్ళు మూడు రోజుల పనుందని ఫణీంద్రని విశాఖపట్నం రమ్మన్నారు. సముద్రం చూస్తానని స్రవంతి కూడా తయారైంది. గురువారం పొద్దున్న బూట్లు తొడుక్కుంటూ ఫణీంద్ర అన్నాడు.

“మావయ్యగారూ, ఆ పెట్టె మాత్రం ఆపకండి, నడుస్తూనే ఉండాలి. నా పార్కుని కాస్త చూస్తూ ఉండండి. కుదిరితే రెక్కల బల్లులకి గూడు మీరే కట్టేయండి. ముప్పై ఏళ్ళుగా షెడ్లు కడుతున్నారు, మీకంటే బాగా ఎవరు కడతారు!”

నవ్వులాటకే అన్నాడు. కానీ సత్తిరాజు నవ్వలేదు. అల్లుడు తనకి పని అప్పజెప్పాడు!

“మీరు నిశ్చింతగా ఎల్లిరండి అల్లుడుగారూ, ఆదివారం నాటికి ఎట్టాంటి షెడ్డు కడతానో సూద్దురుగాని” అన్నాడు.

బస్సు కదిలిందో లేదో ముగ్గురూ టీవీ ముందు బారుగా కుర్చీలేసుకుని కూర్చున్నారు. పార్కుని చూస్తూ ఉండమన్నాడు కదా, అంతే, చూస్తూ ఉన్నారు. సత్తిరాజు గంట, మంగతాయారు గంట, గవర్రాజు గంట చొప్పున వంతులేసుకున్నారు. మధ్యాహ్నానికి గవర్రాజు కళ్ళు చింతనిప్పులయ్యాయి.

“అన్నయ్యా, రెప్ప కొట్టచ్చంటావా?”

“రెప్ప కొట్టినప్పుడు సూత్తన్నట్టా, సూడనట్టా? నువ్వే సెప్పు.”

“సూడనట్టే.”

“మరింకేం! కొట్టేటప్పుడు మీ వదినకి సెప్పి కొట్టు, ఆ కాసేపూ అది సూత్తది.”

“వదినా, కొడుతున్నా” అనేవాడు గవర్రాజు. “ఊఁ, సూత్తన్నా, కొట్టుకో” అనేది మంగతాయారు.

నాలుగింటికి ఆటలోని ఆవిడ గొంతు విప్పింది. “రెక్కల బల్లులకు ఆకలిగా ఉంది. చేపలు పెట్టండి.”

మంగతాయారు మనసు చివుక్కుమంది. “అయ్యో నా మతిమండ! మనం ముప్పూటలా తిన్నాం, వాటినో మాట అడిగామా?” అని కొంగు బిగించింది. గంటలో కొరమేను పులుసు వండి, వేడన్నం వార్చి, టీవీ ముందు అరిటాకు పరిచి వడ్డించింది. గ్లాసుతో మంచినీళ్ళు పెట్టింది.

“మనం ఎదురుగా కూకుంటే అవి మొగమాటపడతాయి. రండి, కాసేపు ఇవతలికి” అంటూ మగవాళ్ళిద్దరినీ వసారాలోకి తోలి తలుపు చేరేసింది.

లోపల కిటికీలోంచి పిల్లి దిగింది. తీరిగ్గా తినేసి, మూతి తుడుచుకుని, వచ్చినదారినే పోయింది. తలుపు తీసి చూస్తే ఆకు నున్నగా ఉంది. మంగతాయారు మొహం వెలిగిపోయింది.

“ముళ్ళు కూడా ఒగ్గలేదండీ!”

అంతలోనే మళ్ళీ గొంతు. “రెక్కల బల్లులకు ఆకలిగా ఉంది.”

“మారడుగుతున్నాయి” అంది మంగతాయారు గర్వంగా, గరిటె అందుకుంటూ. రాత్రిలోగా మూడుసార్లు వడ్డన జరిగింది. పిల్లికి కిటికీ ఎక్కడం కష్టమైపోయి ఇంట్లోనే మంచం కింద పడుకుంది.

శుక్రవారం పొద్దున్నే సత్తిరాజు అల్లుడికి ఫోన్ చేశాడు. “శుభ్రంగా తింటన్నాయండి, ఇంక షెడ్డు మొదలెడతాం” అన్నాడు. ఏం తింటున్నాయో ఫణీంద్రకి తెలియలేదు, తొందరలో ఉన్నాడు. రిమోటుతో గూడు ఎలా పెట్టాలో, మేత గిన్నెలు ఎలా పెట్టాలో, బల్లుల్ని లోపలికి ఎలా వదలాలో ఓపిగ్గా రెండుసార్లు చెప్పి పెట్టేశాడు. వేళ్ళు చురుగ్గా కదులుతాయని రిమోటు గవర్రాజు చేతికిచ్చారు. సత్తిరాజు తలపాగా చుట్టాడు. చుట్టకపోతే ఆయనకి షెడ్డు పని కుదరదు.

ముందు దిక్కులు చూశాడు. టీవీ తూర్పు గోడకి ఉంది. దాని బొమ్మ ఉత్తర దక్షిణాలుగా సాగి ఉంది.

“ఇట్టా కడితే ఎండంతా లోపలికి కొట్టదా? తిప్పండి!”

ఇంకేముంది, ముగ్గురూ పట్టి టీవీని పక్కకి తిప్పారు. తూర్పు పడమరలుగా బాగానే వచ్చింది గానీ, దాని మొహం వంటింటి గోడకేసి అయిపోయింది. దానికీ గోడకీ మధ్య జానెడు సందు. ఇక బొమ్మ కనపడదు. ఒక క్షణం ఆలోచించి, సత్తిరాజు వంటింట్లోకి వెళ్ళి, గోడలో గిన్నెలు అందించుకునే కిటికీ తలుపులు తీశాడు. సరిగ్గా ఎదురుగా టీవీ!

“కట్టేవాడు బయటుండి సూడాలి, షెడ్డులో దూరి కూకోకూడదు” అన్నాడు. అప్పట్నించీ ముగ్గురూ పొయ్యి పక్కన పీటలేసుకుని, కిటికీలోంచి తలలు పెట్టి పార్కు కట్టారు.

తర్వాత టేపు తీశాడు. బొమ్మలో రెక్కల బల్లి బొటనవేలంత ఉంది. “కోడికి అడుగు చోటు. ఇది వేలంతే కాబట్టి అంగుళం చాలు” అని లెక్క తేల్చాడు. ఆ తర్వాత మేత గిన్నెలు. మేత దగ్గర తోసుకుంటే బలహీనమైనవి చస్తాయని ఆయనకి బాగా తెలుసు. “గిన్నెలకి ఎనక్కి తగ్గకు గవర్రాజూ” అన్నాడు. గవర్రాజు వెనక్కి తగ్గలేదు. నలభై గిన్నెలు పెట్టేశాడు, అన్నిట్లోనూ చేపలే.

ఇక గూడు. ఆటలో అది తయారుగానే వచ్చి గిన్నెల చుట్టూ నిలబడింది, పెద్ద గుమ్మటం, నాలుగువైపులా వల, పైన కూడా వల. కిటికీలోంచి చూసిన సత్తిరాజు ఉలిక్కిపడ్డాడు.

“ఓరి నీ ఇల్లు బంగారంగానూ! కొప్పు సందేదిరా?”

“లేదన్నయ్యా. నడినెత్తిన కూడా మూసేశారు.”

“ఎవడు కట్టాడో గానీ జీవాలంటే జాలి లేదు. ఈ ఎండల్లో పైన గాలి పోకపోతే సాయంత్రానికి ఒక్కటి మిగులుద్దా? తీసెయ్యి పైది!”

“తీసెయ్యనా? ఇయ్యి ఎగిరేవి కదన్నయ్యా?”

“కోడికి మాత్రం రెక్కల్లేవేంట్రా? ముప్పై ఏళ్ళల్లో ఒక్క కోడి నా కొప్పు సందులోంచి పోయిందేమో సెప్పు!”

పోలేదు. నిజమే. గవర్రాజు పైన వల తీసేసి పెద్ద సందు పెట్టాడు. సత్తిరాజు పొయ్యి దగ్గరే కర్పూరం వెలిగించి, కిటికీలోంచి హారతిచ్చి, “ఒదులు” అన్నాడు.

గవర్రాజు వదిలాడు. ఎనిమిది రెక్కల బల్లులూ గూట్లో కాళ్ళు మోపాయి. ఒకసారి ఒళ్ళు విరుచుకున్నాయి. రెక్కలు చాపాయి. పైకి చూశాయి. అంతే! ఒకదాని వెనకొకటి కొప్పు సందులోంచి లేచి, బొమ్మ అంచు దాటి కనపడకుండా పోయాయి.

వెంటనే గంటలు మోగాయి, ఎర్రదీపం తిరిగింది. “హెచ్చరిక! రెక్కల బల్లులు తప్పించుకున్నాయి. సందర్శకులందరూ వెంటనే లోపలికి వెళ్ళి తలుపులు వేసుకోండి.”

ముగ్గురూ ఒకర్నొకరు తోసుకుంటూ ముందుగదిలోకి పడి, వీధి తలుపూ పెరటి తలుపూ కిటికీలూ అన్నీ బిగించేశారు. మిట్టమధ్యాహ్నం గదిలో చీకటైపోయింది. టీవీ వెలుగొక్కటే మిగిలింది.

“అంచు దాటి పోయాయంటే బొమ్మలోంచి బయట పడ్డట్టే. ఈ గదిలోనే ఉంటాయి” అన్నాడు గవర్రాజు.

సత్తిరాజు భయం బల్లుల గురించి కాదు. ఆదివారం అల్లుడొస్తాడు, ‘ఏవి మావయ్యగారూ నా ఎనిమిది?’ అంటాడు. మళ్ళీ ఆ పెదవి బిగపట్టడం, పక్కకి తిరగడం. అది తలుచుకుంటేనే ఆయనకి ఏడుపొచ్చింది. కానీ ముప్పై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా?

“కోళ్ళని పట్టేది ఎప్పుడురా? చీకట్లో. వెలుగుంటే ఎగురుతాయి, చీకటైతే కూకుండిపోతాయి. ఆ టీవీ ఆపు. పెట్టె జోలికి పోకు, ఆపద్దన్నారు. గంపా, గోనెసంచీ పట్రా!”

టీవీ ఆగింది. పెట్టె మూల కూర్చుని తన మానాన తను నడుస్తూనే ఉంది. చీకట్లో ముగ్గురూ మూడు వైపుల నుంచీ వంగి వంగి నడిచారు. ఎక్కడో గాజులు గలగలమన్నాయి. గవర్రాజు గంప ఎత్తి ధబీమని బోర్లించాడు.

“పట్టేశానన్నయ్యా! చాలా పెద్దది!”

“ఒదలకు! ఎంతుంటుంది?”

“నా అంత ఉంది. చీర కట్టింది.”

“ఒరే గవర్రాజూ, నేనురా!” అని గంపలోంచి మంగతాయారు అరిచింది.

“అన్నయ్యా, మాట్లాడుతోంది! అచ్చం వదిన గొంతే!”

“మాట్లాడేదైతే మరీ మంచిది, అల్లుడుగారు సంతోషిత్తారు. గట్టిగా నొక్కు!”

గంప కింద నుంచి మంగతాయారు వాళ్ళిద్దరి పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టాక గానీ అది మంగతాయారేనని తేలలేదు. ఇంకో అరగంట వెతికారు. చివరికి మంచం కింద మెత్తగా, వెచ్చగా, చేపల వాసనతో ఏదో గవర్రాజు చేతికి తగిలింది. పట్టి సంచిలో వేసి మూతి కట్టేసేలోగా అది గవర్రాజు ముంజేతి మీద అయిదు గీతలు గీసింది.

“ఇదేనన్నయ్యా! చేపల వాసన! గోళ్ళు కూడా ఉన్నాయి!”

“ఒకటి దొరికింది. ఇంకా ఏడు” అన్నాడు సత్తిరాజు దిగులుగా. మిగతా ఏడూ ఇల్లు దాటకుండా చూడాలి. పెరట్లో ఎనిమిది షెడ్లకి సరిపడా కోళ్ళ వల చుట్టలు పడున్నాయి. సాయంత్రానికి ఇల్లంతా, కప్పుతో సహా, వలలో చుట్టేశారు. ఈసారి కొప్పు దగ్గర కూడా సందు వదల్లేదు. శనివారం పాలవాడు వల కన్నాల్లోంచి చెంబులోకి పాలు పోశాడు. పక్కింటి సూరాయమ్మ గోడ మీంచి తొంగి చూసి, “ఏమైందర్రా, దోమలా?” అంది.

“దోమలు కాదక్కా, డైనోసార్లు” అన్నాడు గవర్రాజు. సూరాయమ్మ వెంటనే డాబా మీద ఎండబెట్టిన వడియాలు లోపలికి తీసుకుపోయింది.

రోజంతా సత్తిరాజు వసారాలో సంచి పక్కనే కూర్చున్నాడు. సంచి గుర్రుమంటోంది. మంగతాయారు సంచి మూతి కొంచెం వదులు చేసి చేప ముక్కలు జారవిడుస్తోంది. ఆయన మాత్రం ముద్ద ముట్టలేదు. “నన్ను నమ్మి అప్పజెప్పాడే మంగా” అన్నాడు ఒకసారి. ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ఆదివారం ఎనిమిదింటికి ఫణీంద్ర, స్రవంతి బస్సు దిగి వచ్చారు. వలలో చుట్టిన ఇంటిని చూసి ఫణీంద్ర వీధిలోనే ఆగిపోయాడు. స్రవంతి ఆగలేదు, ఆమెకి ఇవి అలవాటే. కత్తిపీటతో వల కోయించి అల్లుణ్ణి లోపలికి తీసుకెళ్ళారు.

“అల్లుడుగారూ, ఎనిమిదీ పోయాయండి” అన్నాడు సత్తిరాజు. “ఒకటి మాత్రం పట్టానండి.” సంచి విప్పాడు. పిల్లి బయటికొచ్చి, అందరినీ అసహ్యంగా చూసి, వల కోసిన సందులోంచి వెళ్ళిపోయింది. “అదీ పోయిందండి” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫణీంద్రకి ఒక్క ముక్క అర్థం కాలేదు. టీవీ ఎక్కడుందో వెతికి, ఇటు తిప్పించి, వేశాడు. వేసి, అలాగే నిలబడిపోయాడు.

పార్కు కిటకిటలాడుతోంది. ఎనిమిది రెక్కల బల్లులూ ఉన్నాయి. కొప్పు సందులోంచి పైకి లేస్తున్నాయి, పార్కంతా చుట్టి వస్తున్నాయి, ఆకలేసేసరికి నలభై గిన్నెల చేపలు గుర్తొచ్చి మళ్ళీ అదే సందులోంచి గూట్లోకి దిగుతున్నాయి. రెండు రోజులుగా ఇదే వరస. మొదట్లో హడలిపోయిన జనం, ఎవర్నీ ఏమీ చెయ్యడం లేదని తెలిశాక, తలలెత్తి చప్పట్లు కొడుతున్నారు. పైన నాలుగున్నర నక్షత్రాలు వెలుగుతున్నాయి.

“గూటికి పైకప్పు తీసేశారా!” అన్నాడు ఫణీంద్ర. “అందరం అవి పోకుండా ఎలా మూయాలా అనే చూశాం. మేత పెట్టి, దారి వదిలేస్తే వాటంతటవే తిరిగొస్తాయని ఎవరికీ తట్టలేదు. ఎవరిదండీ ఈ ఆలోచన?”

“నాదేనండి” అన్నాడు సత్తిరాజు భయంభయంగా. “కొప్పు సందండి. గాలాడాలి కదండి.”

ఫణీంద్ర ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. “మావయ్యగారూ, మీరు తెలివైనవారండీ” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

మూడేళ్ళ ముల్లు ఊడి కింద పడిపోయింది. మంగతాయారు పైటకొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. గవర్రాజు “మా అన్నయ్య కదండీ” అని అక్కడున్న ముగ్గురికీ మూడుసార్లు చెప్పాడు.

“పదింటికి పోటీవాళ్ళు పార్కు చూస్తారు. నేను స్నానం చేసొస్తాను” అన్నాడు ఫణీంద్ర తువ్వాలు తీసుకుంటూ. “అంతవరకూ దేని మీదా చెయ్యి వెయ్యకండి మావయ్యగారూ. అయిదు రావడం ఖాయం.”

అల్లుడు నూతి దగ్గరికి వెళ్ళాడు. స్రవంతి కొబ్బరి చట్నీ రుబ్బడానికి కూర్చుంది. సత్తిరాజు టీవీని ఎగాదిగా చూశాడు. ఆయన మనసు ఎందుకో కుదుటపడలేదు.

“గవర్రాజూ, మన షెడ్డు సూడ్డానికి పెద్దాళ్ళొత్తన్నారు. సున్నం కొట్టకుండా ఎప్పుడైనా ఎవరికైనా షెడ్డు సూపించామా?”

“లేదన్నయ్యా. కొత్త షెడ్డు అప్పజెప్పే ముందు సున్నం పడాల్సిందే.”

“మరి అల్లుడుగారు చెయ్యి ఎయ్యద్దన్నారే.”

ఇద్దరూ ఆలోచించారు. గవర్రాజు మొహం ముందు వెలిగింది. “చెయ్యెందుకన్నయ్యా? కుంచె ఉందిగా!”

అంతే! పెరట్లో గోలెంలో నానుతున్న సున్నం బకెట్టుతో వచ్చింది. ఇద్దరూ రెండు చేతుల్లోకీ కుంచెలు తీసుకుని, వేలు కూడా తగలకుండా, ఎంతో పద్ధతిగా, టీవీ మొహానికి పైనుంచి కిందికి సున్నం కొట్టేశారు. అంచులు కూడా వదల్లేదు. చారలేమీ లేకుండా తెల్లగా, పాలలా వచ్చింది.

పది దాటిన రెండు నిమిషాలకి ఫణీంద్ర తల తుడుచుకుంటూ వచ్చాడు. తువ్వాలు చేతిలోంచి జారింది. పార్కు లేదు, బల్లుల్లేవు, జనం లేరు. గోడలాంటి తెలుపు మాత్రం ఉంది. అతను నోరు తెరిచేలోగా ఆ తెలుపు వెనక నుంచి ఆవిడ గొంతు వినపడింది.

“అభినందనలు! మీ పార్కుకు అయిదు నక్షత్రాలు లభించాయి.”

పోటీవాళ్ళు చూసింది వాళ్ళ ఊళ్ళో వాళ్ళ టీవీలో కదా, ఈ సున్నం వాళ్ళకేం తెలుసు! కానీ ఆ సంగతి సత్తిరాజుకి తెలియదు.

“సూశారా అల్లుడుగారూ! నాలుగున్నర కాస్తా అయిదయ్యింది. సున్నం మహిమండి!”

ఫణీంద్రకి ముందు ఏడుపొచ్చింది. కానీ మావగారి మొహం చూశాడు. ముక్కు మీద సున్నం, కళ్ళలో నీళ్ళు, బడిలో మొదటి బహుమతి వచ్చిన పిల్లాడి సంబరం. ఏడుపు పోయి నవ్వొచ్చింది. పెదవి బిగపట్టలేదు, పక్కకి తిరగలేదు. ఎదురుగా నిలబడి, పొట్ట పట్టుకుని, కూలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి సత్తిరాజు కూడా నవ్వాడు. ఆ పెళ్ళినాటి నుంచి మావా అల్లుళ్ళు కలిసి నవ్వింది అదే మొదటిసారి.

“నక్షత్రాలను దక్కించుకోవడానికి, దయచేసి వెంటనే...” అని ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతోంది. ఫణీంద్ర నవ్వుతూనే రిమోటు కోసం తడుముకుంటున్నాడు.

“ఒక పూతకే అయిదిత్తే, రెండో పూతకి పది ఇవ్వరా!” అని సత్తిరాజుకి ఉత్సాహం ఆగలేదు. “అయినా నాది బుద్ధి తక్కువ పని. షెడ్డుకి బయట కొట్టి ఊరుకున్నాను, లోపల కొట్టద్దూ?” అంటూ మూలనున్న పెట్టె మీద మూత ఊడబెరికి, మిగిలిన సున్నమంతా బకెట్టెత్తి అందులోకి కుమ్మరించేశాడు.

పెట్టె ఒకసారి బుస్సుమంది. ఆవిడ గొంతు మాట మధ్యలోనే ఆగిపోయింది. ఫణీంద్ర నవ్వు కూడా ఆగింది.

సత్తిరాజు ఖాళీ బకెట్టు కింద పెట్టి, పెట్టె వైపు జాలిగా చూసి, కళ్ళొత్తుకున్నాడు.

“పాపం, పిచ్చి తల్లి. సంతోషం పట్టలేక మాట పడిపోయిందండి.”